సామేలు కట్టిన వరస

సామేలును గ్రూపులోంచి తీసేశామన్న సంగతి అతనికి చెప్పే పని నా మీద పడింది. పడింది అనడం అబద్ధం. "నేను చెప్త" అని రాజలింగు అన్నాడు. నేనే వద్దన్నాను. వాడు చెబితే గొడవ అవుతుందని నా భయం. నేను చెబితే సామేలు గొడవ పెట్టుకోడని నాకు తెలుసు.

అది 1969 ఫిబ్రవరి నెలాఖరు. మేం ముగ్గురం కలిసి వాయించడం మొదలుపెట్టి అప్పటికి రెండున్నరేళ్ళు. గిటారు సామేలుది, డ్రమ్సు రాజలింగువి. నేను బేస్ గిటారు వాయించేవాణ్ణి. వాయించేవాణ్ణి అంటే, సామేలు చెప్పిన నాలుగు తీగల మీద సామేలు చూపించినచోట వేలు పెట్టేవాణ్ణి. మా గ్రూపు పేరు సిగ్నల్స్. తార్నాకలో సామేలు వాళ్ళ ఇంటి వెనక గదిలో సాధన చేసేవాళ్ళం. పక్కన పట్టాల మీద బండి పోయినప్పుడల్లా ఏమీ వినపడక ఆగిపోవాల్సి వచ్చేది. "మనం గూడ సిగ్నల్ పడితెనే నడుస్తున్నం" అని రాజలింగు ఒకరోజు నవ్వాడు. ఆ పేరే ఖాయమైంది.

సామేలుది కోస్తాలోని నరసాపురం. అయిదేళ్ళప్పుడు, 1950లో, తల్లిదండ్రులతో హైదరాబాదు వచ్చాడు. తండ్రి చర్చి ఆఫీసులో గుమస్తా, ఆదివారాలు అక్కడే హార్మోనియం వాయించేవాడు. తల్లి సువార్తమ్మగారు మిషన్ బడిలో టీచరు. గిటారు పట్టుకోవడం లాలాగూడలో ఉండే ఒక ముసలి రైల్వే గార్డు దగ్గర నేర్చుకున్నాడు. కరెంటు గిటారు కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు, కొందామన్నా ఊళ్ళో దొరికేది కాదు. సామేలు యూనివర్సిటీలో ఫిజిక్సు ఎమ్మెస్సీ చదువుతున్నాడు. టేకు చెక్క తెచ్చి ఆరు నెలలపాటు తానే చెక్కాడు. పాత టెలిఫోనులోంచి అయస్కాంతాలు తీసి, వాటికి సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టి, గిటారు తీగల కింద బిగించాడు. పాడైపోయిన రేడియోను ఆంప్లిఫయరుగా మార్చాడు. మొదటిసారి దాన్ని వాయించిన రోజు ఇంటి ఓనరు పరుగెత్తుకొచ్చి "ఏం పేలింది?" అని అడిగాడు.

సిలోన్ రేడియోలో విన్న ఇంగ్లీషు పాటలు మొదట్లో వాయించేవాళ్ళం. కాలేజీ ఫంక్షన్లలో కుర్రాళ్ళు బెంచీలెక్కి గంతులు వేసేవాళ్ళు. సామేలు మాత్రం జనం వైపు చూసేవాడు కాదు. జనానికి వీపు పెట్టి, రాజలింగు డ్రమ్ముల వైపు తిరిగి వాయించేవాడు. సిగ్గా అని అడిగితే, "వాని చేతులు చూడకపోతే నాకు తాళం తప్పుతది" అనేవాడు. వాడికి తాళం తప్పడం నేను ఎన్నడూ వినలేదు.

1967 ఎండాకాలంలో సామేలు తండ్రి చనిపోయాడు. నెల రోజులు సామేలు గిటారు ముట్టలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మేం వెళ్ళేసరికి వెనక గదిలో కూర్చుని ఒక వరస వాయిస్తున్నాడు. అది ఇంగ్లీషు పాట కాదు, సినిమా పాట కాదు. నెమ్మదిగా మొదలై, మెట్టు మెట్టుగా పైకి ఎక్కి, పైకి వెళ్ళిన చోట ఒక్క క్షణం ఆగి, ఒక్కసారిగా కిందికి దూకేది. ఆ ఆగే చోట ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. రాజలింగు డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. చీకటి పడేదాకా అదొక్కటే వాయించాం.

"గీనికి నాలుగు మాటలు రాస్త సామేలూ. నేనే పాడుత" అన్నాడు రాజలింగు.

"వద్దురా. మాటలొస్తే అందరు మాటలే వింటరు."

రాజలింగు నొచ్చుకున్నాడు గానీ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆ ఏడాది దసరాకు ఆలేరు పక్కన వాళ్ళ ఊరికి మమ్మల్నిద్దరినీ తీసుకుపోయాడు. వాళ్ళమ్మ బుచ్చవ్వ మూడు రోజులు సామేలుకు దగ్గర కూర్చుని తినిపించింది. ఊళ్ళో కరెంటు లేదు కాబట్టి ఆ గిటారు మోగదు. అయినా సామేలు ఆమె ముందు కూర్చుని ఆ వరస వాయించాడు. "దోమ పాడినట్టున్నది కొడుకా" అని ఆమె నవ్వింది. కానీ చెవి దగ్గర పెట్టి మొత్తం విన్నది.

మరుసటి ఏడాది చివర్లో బొంబాయి నుంచి మాకు ఒక ఉత్తరం వచ్చింది. దేశంలోని మాలాంటి బీట్ గ్రూపులన్నిటికీ పోటీ పెడుతున్నారు, ఏప్రిల్లో రమ్మన్నారు. ఆ ఉత్తరాన్ని రాజలింగు హాస్టలు గది తలుపుకు అంటించాడు.

జనవరి వచ్చేసరికి ఆ తలుపు మీద వేరే కాగితాలు అంటించి ఉన్నాయి.

తెలంగాణ కోసం విద్యార్థులు లేచారు. క్లాసులు ఆగిపోయాయి. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద రోజూ మీటింగు. అందులో అన్యాయం ఏముందో, న్యాయం ఏముందో వేరే చోట చదువుకోవచ్చు. నాకు తెలిసింది రాజలింగు వాళ్ళ అన్న సంగతి. ఆయన రెండేళ్ళు ఒక ఆఫీసు చుట్టూ తిరిగాడు. ముల్కీలకే, అంటే ఇక్కడివాళ్ళకే రావాల్సిన ఉద్యోగం అది. దొంగ సర్టిఫికెట్టుతో కోస్తా నుంచి వచ్చిన ఎవరో దాంట్లో చేరాడు. అన్న ఊరికి తిరిగిపోయి నాగలి పట్టుకున్నాడు. ఆయన డిగ్రీ పాసయ్యాడు. ఆ కోపం రాజలింగులో ఊరికే పుట్టలేదు. నేనూ ఊరేగింపుల్లో నడిచాను. ఇప్పటికీ నేను నడిచినందుకు విచారించను.

ఫిబ్రవరిలో మీటింగు వాళ్ళు వచ్చి మమ్మల్ని వాయించమన్నారు. ఉపన్యాసాలతో జనం అలసిపోతున్నారు, పాట కావాలి. "గని మీ గ్రూపుల ఆంధ్రోడు ఉన్నడు గదా. వాన్ని స్టేజి మీద నిలబెడితె బాగుండదు" అన్నాడు వాళ్ళలో ఒకడు.

ఆ సాయంత్రం తార్నాక చౌరస్తాలో ఇరానీ హోటల్లో నేనూ రాజలింగూ కూర్చున్నాం. రాజలింగు చాయ్ తాగలేదు.

"వాడు ముల్కీనే ఇన్నయ్యా. ఇక్కడ పదిహేనేండ్లు ఉన్నోడు ముల్కీ అని రూలు. వాడు వచ్చి పందొమ్మిదేండ్లు."

"రూలు ఎవడు చూస్తడు?" అన్నాను నేను.

"మనం చెప్పాలె."

"చెప్తె ఇంటరా? వాన్ని స్టేజి ఎక్కిస్తె ఎవడన్న రాయి వేస్తడు. ఇది వాని మంచికే. గడబిడ తగ్గినంక మల్ల కలుస్తం."

రాజలింగు చాలాసేపు బల్ల మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చున్నాడు. చివరికి, "ఆ వరస కావాలె. దానికి నేను రాసిన" అని జేబులోంచి కాగితం తీశాడు. అప్పటికే మాటలు కట్టేశాడు. బాగున్నాయి. చదువుతుంటే నా ఒళ్ళు జలదరించింది. "వానికి చెప్పకుంట వద్దు" అన్నాడు. నేను చెప్తానన్నాను.

ఆదివారం మధ్యాహ్నం సామేలు ఇంటికి వెళ్ళాను. అప్పుడే చర్చి నుంచి వచ్చారు. సువార్తమ్మగారు నాకు కూడా కంచం పెట్టారు. చేపల పులుసు. తిన్నాక వెనక గదిలోకి వెళ్ళాం. సామేలు గిటారుకు కొత్త తీగ ఎక్కిస్తున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి చెప్పాను. మీటింగుకు పిలిచారని, నువ్వు వస్తే బాగుండదంటున్నారని, కొన్ని రోజులేనని.

తీగ బిగించడం ఆపలేదు. "రాజలింగు గూడ అన్నడా?"

"ఆఁ."

"లీడ్ గిటారు ఎవరు వాయిస్తరు?"

"నేను."

అప్పుడు తలెత్తి చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "ఏం వాయిస్తరు?"

"నీ వరస."

బయట సువార్తమ్మగారు గిన్నెలు కడుగుతున్న చప్పుడు. తర్వాత గిటారును నా చేతిలో పెట్టాడు.

"కూసో. నువ్వు తప్పు వాయిస్తె గాలికి నాకు ఇక్కడిదాక వినొస్తది. రోజూ మధ్యాహ్నం రా."

నాలుగు మధ్యాహ్నాలు వెళ్ళాను. నా వేళ్ళు పట్టుకుని ఒక్కొక్క స్వరం మీద పెట్టాడు. పైకి ఎక్కాక ఆగే చోట నేను తొందరపడుతుంటే మోకాలి మీద కొట్టేవాడు. "ఆగు. ఇంక ఆగు. పైకి ఎక్కినోడు పడిపోతడా నిలబడ్తడా అని వినేటోనికి భయం కావాలె. ఆఁ, ఇప్పుడు దూకు." నాలుగో రోజు మొత్తం వచ్చింది. మీటింగు అయ్యేదాకా ఆ గిటారు నా దగ్గరే ఉంచుకోమన్నాడు. నా గిటారుతో ఆ మోత రాదట.

దానికి రాజలింగు మాటలు కట్టాడని నేను చెప్పలేదు. నాలుగు రోజులూ గొంతుదాకా వచ్చింది. చెబితే గిటారు ఇవ్వడేమోనని మింగేశాను. చెప్పానని రాజలింగుతో అన్నాను.

మీటింగులో ఆర్ట్స్ కాలేజీ ముందు ఎంతమంది ఉన్నారో నేను చెప్పలేను. మెట్ల కింద నుంచి చెట్లదాకా తలలే. రాజలింగు డ్రమ్ము కొడుతూ పాడాడు. మొదటిసారి జనం విన్నారు. రెండోసారి పల్లవి అందుకున్నారు. మూడోసారి మా చప్పుడు మాకే వినపడలేదు. జనం అందుకున్నాక ఆ ఆగే చోటు పోయింది. వాళ్ళు ఆగకుండా పైనుంచి కిందికి వచ్చేశారు. నేను ఆగాను. జనం ముందుకెళ్ళిపోయారు. పరుగెత్తి వాళ్ళను అందుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ నేనూ ఆగలేదు.

వారం రోజుల్లో ఆ పాట మా చేతిలో లేకుండా పోయింది. మాణికేశ్వర్ నగర్‌లో ఇళ్ళు కట్టే కూలీలు పాడారు. అంబర్‌పేటలో కూరగాయల బండ్ల దగ్గర విన్నాను. ముషీరాబాద్‌లో నేను ఎక్కిన రిక్షా తొక్కే ముసలాయన పాడుతుంటే, "ఎవరిది తాతా ఆ పాట?" అని అడిగాను. "యూనివర్సిటీ పోరగాండ్లది. రాజలింగు అని ఒకడున్నడట" అన్నాడు.

రాజలింగు మాత్రం మూడుసార్లు నన్ను అడిగాడు, "సామేలు ఏమన్నడు? మాటలు బాగున్నయన్నడా?" అని. బాగున్నాయన్నాడని చెప్పాను. "పోయి కలుస్త" అనేవాడు. మీటింగులు, అరెస్టులు, వాడికి తీరిక దొరకలేదు. నేనూ తార్నాక వైపు పోవడం తగ్గించాను. గిటారు తిరిగి ఇవ్వలేదు. ఏప్రిల్ వచ్చింది, పోయింది. బొంబాయి ఊసు ఎవరూ ఎత్తలేదు.

మే నెల చివర్లో ఒక ఊరేగింపు యూనివర్సిటీ నుంచి బయల్దేరి తార్నాక మీదుగా సాగింది. రాజలింగు ఆ రోజు అంబర్‌పేటలో మీటింగులో ఉన్నాడు. నేను ముందు వరుసలో ఉన్నాను. చౌరస్తా దాటాక వెనకవాళ్ళు కొందరు సందుల్లోకి తిరిగారు. ఆంధ్రా ఉద్యోగుల ఇళ్ళు ఎక్కడున్నాయో వాళ్ళకు తెలుసు. వద్దని ఒకరిద్దరు పెద్దవాళ్ళు అరిచారు. ఎవరూ వినలేదు. అద్దాలు పగిలిన చప్పుడు వినపడింది. వాళ్ళ వెంట నేనూ సందులోకి పోయాను. ఆపడానికి పోయానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను.

అందరూ ఆ పాటే పాడుతున్నారు.

సామేలు ఇంటి ముందుకు వచ్చేసరికి వాడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ వీధిలో మిగతా ఇళ్ళన్నీ తలుపులు మూసుకున్నాయి. వాడొక్కడే బయటికి వచ్చాడు. రాళ్ళ వంక చూడటం లేదు. తల కొంచెం పక్కకు వంచి వింటున్నాడు. మాటలు అప్పుడే మొదటిసారి వింటున్నాడేమో నాకు తెలియదు. మూడు నెలలుగా ఊరంతా పాడుతోంది కాబట్టి వినే ఉంటాడు. కానీ ఇంతమంది నోట ఇంత దగ్గరగా విని ఉండడు.

"ఆంధ్రోడు వీడు" అని ఎవరో అరిచారు.

"ఈ వరస నాది" అన్నాడు సామేలు. గట్టిగా కాదు. మామూలుగా అన్నాడు. "నేను కట్టిన. మీరు తప్పు పాడుతున్నరు. పైన ఆగాలె."

ముందున్న వాళ్ళు పగలబడి నవ్వారు. "పాట గూడ వీనిదేనట! కొలువులు తీసుకున్నరు, నీళ్ళు తీసుకున్నరు, ఇగ పాట గూడ కావాల్నట!" ఒకడు వాడి చొక్కా పట్టుకున్నాడు.

సామేలు అప్పుడు నన్ను చూశాడు. "ఇన్నయ్యా, చెప్పు" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. స్టేజి మీద వాయించేవాణ్ణి కాబట్టి నేను వాళ్ళకు తెలుసు. "అన్నా, చెప్పే. ఈ పాట ఎవరిది?" అని అడిగాడు చొక్కా పట్టుకున్నవాడు.

"మనది" అన్నాను.

అంతే అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఎంత సమయం పట్టిందో తెలియదు. ఎక్కువ పట్టలేదు. గుంపు హోరెత్తింది. వాణ్ణి గేటుకేసి కొట్టారు. ఎక్కడి నుంచో ఒక రాయి వచ్చి నుదుటి మీద తగిలింది. సువార్తమ్మగారు పరుగెత్తుకుంటూ వచ్చి కొడుకు మీద పడి కప్పుకున్నారు. ఆమె నన్ను చూశారు. నా పేరు పిలవలేదు. ముసలామెను చూసి గుంపు వెనక్కి తగ్గింది. ఇంకో సందులోకి పాట పాడుకుంటూ పోయింది. నేను గుంపుతోపాటు పోయాను.

సాయంత్రం రాజలింగుకు చెప్పాను. అంతా చెప్పాను, మాటల సంగతి దాచిపెట్టిందీ, గేటు దగ్గర నేనన్నదీ. వాడు నా చెంప మీద కొట్టాడు. తర్వాత తల పట్టుకుని హాస్టలు మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"నేను ఆనికి మాటలు నచ్చినయనుకున్న గద రా. నచ్చినయని సంబురపడ్డ గద రా" అని ఏడ్చాడు.

లేచి అప్పటికప్పుడు తార్నాకకు నడిచాడు. నేను వెంట పోబోతే రావద్దన్నాడు. ఇంటికి తాళం వేసి ఉందట. సువార్తమ్మగారు కొడుకు నెత్తికి కట్టు కట్టించి, ఒక ట్రంకు పెట్టెతో సాయంత్రం బండికి సికింద్రాబాద్ స్టేషనుకు పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. రాజలింగు స్టేషనుకు పరుగెత్తాడు. బండి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వాడు నాతో మాట్లాడింది ఒక్కసారే. "గడబిడ కానియ్యి. నేను నరసాపురం పోయి వాన్ని తోలుకొస్త. స్టేజి మీద నిలబెట్టి వీని వరస అని చెప్త. నువ్వు గూడ చెప్పాలె." చెప్తానన్నాను.

జూన్ మొదటి వారంలో ఊరేగింపు మీద కాల్పులు జరిగాయి. రాజలింగు ముందు ఉన్నాడు. పాడుతున్నాడని పక్కనున్నవాళ్ళు చెప్పారు. గొంతు కింద తగిలింది. ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. ఇరవై మూడేళ్ళు.

శవాన్ని ఊరికి తీసుకుపోయాం. ఆలేరు నుంచి వాళ్ళ ఊరిదాకా దారి పొడుగునా జనం. అందరి నోటా అదే పాట. చితి పేర్చాక ఒక విద్యార్థి నాయకుడు నా దగ్గరికి వచ్చాడు. నేను గిటారు తెచ్చాను. పాట వాయించమన్నారు కాబట్టి తెచ్చాను. కరెంటు లేదు, వాయించలేదు, ఊరికే భుజాన వేసుకుని నిలబడ్డాను. "రాజలింగన్న గిటారు ఇది. ఆయనతోనే పోవాలె" అన్నాడతను. జనం జైకొట్టారు. నా భుజం మీంచి తీస్తుంటే నేను పట్టుకోలేదు. గిటారును రాజలింగు ఛాతీ మీద పెట్టారు.

బుచ్చవ్వ చితి పక్కనే కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆ గిటారును చూసి, నా వైపు తిరిగి, "అది సామేలుది గదా బిడ్డా" అన్నది. నినాదాల్లో ఇంకెవరికీ వినపడలేదు. "ఆ పిలగాడు రాలేదేంది? నా కొడుకు పోయిండని ఆనికి ఎవ్వలు చెప్పలేదా?"

నేను ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాను. దుఃఖం అనుకున్నారు అందరూ. ఎవరో నన్ను లేపి నీళ్ళు తాగించారు. అప్పటికి మంట అంటుకుంది.

డిసెంబరులో యూనివర్సిటీలో రాజలింగు పేరు మీద సంస్మరణ సభ పెట్టారు. ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. అందులో మొదటి పేజీలో పాట. కింద 'రచన, సంగీతం: అమరుడు రాజలింగు' అని ఉంది. అచ్చుకు ముందు నేను వాళ్ళ గదికి వెళ్ళి, సంగీతం వాడిది కాదని, సామేలుదని చెప్పాను. పుస్తకం వేస్తున్నతను నెమ్మదైన మనిషి. అంతా విన్నాడు. "ఆయన ఒప్పుకుని ఒక చీటీ రాసిస్తె వేస్త. లేకుంటె గిప్పుడు ఇది ఎవ్వరు నమ్మరే ఇన్నన్నా. చనిపోయినోని పేరు తీసి ఆంధ్రాయన పేరు పెట్టిండంటరు" అన్నాడు.

ఆ చీటీ కోసం నరసాపురం వెళ్ళాను. విజయవాడలో బండి మారి, దిగి, అడుగుతూ పోయాను. చర్చి వీధిలో లేసు వ్యాపారి దుకాణంలో సామేలు గుమస్తాగా ఉన్నాడు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో అల్లి తెచ్చిన లేసును గజం బద్దతో కొలిచి, చుట్ట చుట్టి, కట్టలు కడుతున్నాడు. నుదుటి మీద పొడుగాటి మచ్చ. నన్ను చూసి కొలవడం ఆపాడు. లేచి బయటికి వచ్చాడు.

"మీ నైజాం వాళ్ళెవరో వచ్చినట్టున్నారే" అని లోపలి నుంచి ఒకడు నవ్వాడు.

"ఇక్కడ నన్ను గట్లనే పిలుస్తరు. నా మాట విని" అన్నాడు సామేలు.

కాలవ గట్టున కూర్చున్నాం. రాజలింగు పోయిన సంగతి పేపర్లో చూశానన్నాడు. నేను మొదటి నుంచీ చెప్పాను. ఇరానీ హోటల్లో తీసెయ్యాలన్నది నేనేనని చెప్పాను. మాటల సంగతి నేను దాచానని, నీకు నచ్చాయని రాజలింగుకు అబద్ధం చెప్పానని చెప్పాను. వాడు స్టేషనుకు పరుగెత్తడం చెప్పాను. గిటారు చితి మీద పెట్టడం చెప్పాను.

సామేలు నీళ్ళవైపు చూస్తున్నాడు. "టేకు కట్టె. మంచిగనే కాలి ఉంటది" అన్నాడు. "తీగలు?" అని అడిగాడు.

"తెలియదు."

చీటీ సంగతి చెప్పాను. కాగితం, పెన్ను తీసి పక్కన పెట్టాను. వాడు వాటిని ముట్టుకోలేదు.

"ఆ పాట పాడుకుంట పాడుకుంట రాజలింగు పోయిండు. ఇప్పుడు నేను పోయి, అది నాదని రాసియ్యాల్నా? వాళ్ళమ్మ ముందల ఏ మొకం పెట్టుకుని నిలబడ్త?"

"బుచ్చవ్వ నిన్ను అడిగింది రా. రాలేదేందని."

అప్పుడు వాడికి ఏడుపు ఆగలేదు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. నేను భుజం మీద చెయ్యి వేయబోయాను. దూరం జరిగాడు.

"నాకు ఇప్పుడు ఆ వరస గుర్తురాదు ఇన్నయ్యా. అబద్ధం గాదు. నేను కట్టింది గుర్తురాదు. జనం పాడింది గుర్తొస్తది. నాయిన పోయినప్పుడు కట్టిన. నాయిన ముఖం యాదికొస్తుండె వాయిస్తుంటె. ఇప్పుడు గేటు యాదికొస్తది." లేచి నిలబడ్డాడు. "రాజలింగు మీద నాకు కోపం లేదు. నీ మీద గూడ లేదు కావచ్చు. గని నువ్వు కనబడితె నాకు ఊపిరాడ్తలేదు."

దుకాణంలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి గజం బద్ద బల్లకు తగులుతున్న చప్పుడు మొదలైంది.

స్టేషనుకు నడుస్తుంటే వెనక నుంచి సువార్తమ్మగారు వచ్చి కలిశారు. ఎవరో చెప్పినట్టున్నారు. బాగా చిక్కిపోయారు. నా చేతిలో ఒక అరటాకు పొట్లం పెట్టారు, దారిలో తినమని. ఆ పొట్లం పట్టుకుని నిలబడలేకపోయాను. "టీచరమ్మా, నన్ను..." అని ఏదో అనబోయాను.

"వద్దు బాబూ, అవన్నీ ఇప్పుడొద్దు. దేవుడు చూసుకుంటాడు" అన్నారు. స్టేషనుదాకా పక్కనే నడిచారు. బండి వచ్చాక, నేను ఎక్కాక, కిటికీ దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పారు.

"ఈ మధ్యనే వాడు కాస్త తింటున్నాడు, కాస్త నిద్రపోతున్నాడు. ఇవాళ మళ్ళీ తినడు. నాకు తెలుసు. నువ్వు చెడ్డవాడివని కాదు ఇన్నయ్యా. కానీ ఇంకెప్పుడూ రావద్దు నాయనా. ఉత్తరం కూడా రాయొద్దు."

"అట్లనే టీచరమ్మా" అన్నాను.

సంస్మరణ సభకు వేలమంది వచ్చారు. పుస్తకం ముందు అనుకున్నట్టే అచ్చయింది. నన్ను స్టేజి మీదికి పిలిచారు. వెళ్ళలేదు. వెనక, చెట్ల దగ్గర నిలబడ్డాను. జనం లేచి నిలబడి పాడారు. నా పక్కన ఒక డిగ్రీ పిల్లవాడు కళ్ళు మూసుకుని, కన్నీళ్ళు కారుతుండగా పాడుతున్నాడు. "మీరు పాడరేంది అన్నా? మీకు రాదా?" అని అడిగాడు.

రాదని చెప్పాను.